మునిగే ఊళ్ల వారికి తేలిక ప్రయాణ సూత్రాలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటిది మైకులో వినపడీ వినపడకముందే అటక మీది సంచులు దింపేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. వరదకాలపు ప్రయాణాలు పాడవుతున్నది వీళ్ల మూలంగానే. ట్రాక్టరు తొట్టిలో పది కుటుంబాలు పట్టే చోట మూడే కుటుంబాలు, మిగతాదంతా మూటలు, ఒక కుట్టుమిషను, గంప కింద కోళ్లు. పంచాయతీ కార్యదర్శి బతిమాలినా దించరు, పోలీసు కసిరినా దించరు.

లోకం చూస్తే ఎక్కడికో పోయింది. ఒక్క వీపు సంచితో ఆరు నెలలు దేశాలు తిరిగి వచ్చే కుర్రాళ్లను యూట్యూబులో చూస్తున్నాం. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, చుట్టచుట్టి ఒక మూల, పళ్లపొడి ఒక మూల. అమెరికా పోయే మన పిల్లలకు కూడా 23 కిలోల పెట్టెలు రెండే, అందులోనే ఆవకాయ, అందులోనే ప్రెషర్ కుక్కరు. ఊరి బడిదాకా పోయే మనవాళ్లకు మాత్రం ఇల్లంతా కావాలి. పునరావాస కేంద్రానికి మనిషికి ఎన్ని కిలోలు అన్నది ఇప్పటికీ ఏ జీవోలోనూ రాకపోవడం పెద్ద లోటు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

చెప్పడానికి నువ్వెవరంటారేమో. మా ఇల్లు గుట్ట పక్క ఎత్తు మీద, రెండంతస్తులు, ఇంతవరకు ఒక్కసారి కూడా మునగలేదు. వరద గురించి ఇంత నిమ్మళంగా ఆలోచించే తీరిక పల్లంలో ఉన్నవాళ్లకు ఎక్కడిది?

ముందు తొందర తగ్గించుకోండి. 43 రోజున చేయాల్సింది కరకట్ట ఎక్కి నదిని చూసి రావడం. ఊరంతా అక్కడే ఉంటుంది. స్నానఘట్టం మెట్లు ఎన్ని మునిగాయి, కల్యాణకట్ట దగ్గరికి వచ్చిందా, పేరూరులో పెరుగుతోందా, తాలిపేరు 25 గేట్లూ ఎత్తారా, ఇంద్రావతి ఎట్లుంది, ప్రాణహిత ఎట్లుంది. ఈ ముచ్చట్లలో గంటకో అడుగు పెరిగినా తెలియదు. 48 రోజున టీ తాగుతూ 1986 గురించి మాట్లాడుకోవాలి. 53 దాటాక అప్పుడు లేచి మూట సంగతి చూడండి. ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది. అప్పటికి కూనవరం రోడ్డు మీదికి, దుమ్ముగూడెం, చర్ల రోడ్డు మీదికి నీళ్లు వచ్చేసి ఉంటాయి కాబట్టి ట్రాక్టరు అద్దె మిగులుతుంది. పడవ పంపిస్తారు. పడవలో సామాన్లు ఎక్కించనివ్వరు. మీరు ఏ సాధనా చేయకుండానే తేలిక ప్రయాణం దానంతట అదే సిద్ధిస్తుంది.

రెండోది, ఏ ఇల్లు మునుగుతుందో ఏది మునగదో ముందే తేల్చిపెట్టిన సంవత్సరం ఒకటి మనకుంది. 1986 ఆగస్టు 16న ఇక్కడ 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. పాతవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి ‘86లో ఇక్కడిదాకా’ అని చూపిస్తారు. ఆ చెయ్యికి పైన ఉన్నదంతా క్షేమం, మూట కట్టాల్సిన పనే లేదు. 1990లో 70.8 వచ్చింది. 2022 జూలై 16న 71.3. రెండూ 86 కన్నా తక్కువే కదా! కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరైనా ఒప్పుకుంటారు, 86లో తడవని గడప 2022లో తడవకూడదు. కూనవరం, వి.ఆర్.పురం వైపు వాళ్లు మాత్రం 86లో రాని చోటికి కూడా 2022లో నీళ్లు వచ్చాయని, వచ్చినవి తొందరగా పోలేదని చెప్పారు. దిగువన పోలవరం కాఫర్ డ్యాం అడ్డం వల్లనే అని ఒక ప్రభుత్వం, దానికీ దీనికీ సంబంధం లేదని ఇంకో ప్రభుత్వం. వరద చూడడానికి మన ఊరొచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇతర దేశాల వాళ్లు క్లౌడ్‌బరస్ట్ చేయిస్తున్నారన్న అనుమానం ఉందన్నారు. ఇన్ని కారణాల్లో ఏది నిజమో తేలకుండా ఇల్లు విడిచి పోవడం తొందరపాటు కాదా? ముందు తేలనివ్వండి.

కరకట్ట లోపలి వాళ్లకైతే ఈ భయం అసలే వద్దు. నదికీ ఊరికీ మధ్య అంత కట్ట ఉంది. నది లోపలికి రాకుండా స్లూయిజులు మూసేస్తారు. 2022లో విస్తా కాంప్లెక్సు దగ్గర, గుడి కింది వీధుల్లో నిలిచినవి చాలావరకు ఊరి వాననీళ్లు, మూసిన స్లూయిజుల సందుల్లో నుంచి ఊరినవి. నది నీళ్లు కావు, అంటే దాన్ని వరద అనడానికి లేదు. వరద కానిదానికి మూట కట్టడమెందుకు?

తేలిక ప్రయాణానికి ఆదర్శం కావాలంటే దూరం పోనక్కర్లేదు. మన ఊరి దేవుడే 14 ఏళ్ల ప్రయాణానికి నారచీర కట్టి బయల్దేరినవాడు. పర్ణశాలకు పోతే వాగు రాళ్ల మీది చారలు చూపించి సీతమ్మ చీరలు ఆరేసిన గుర్తులంటారు. ఉతికి ఆరేసి మళ్లీ అదే కట్టుకున్నారన్నమాట, బీరువాలు మోసుకుపోలేదు. ఈ మాట కూనవరం దగ్గర ఉండే మా మేనత్తకు చెప్పాను. అత్తది పురాణాలు శ్రద్ధగా విన్న చెవి.

“అల్లుడూ, నువ్వు సగమే విన్నవ్. రాముడు బయల్దేరేముందు గునపమూ బుట్టా తెమ్మన్నడు. అడవిల దుంపలు తవ్వుకోవాలె గద. సీతమ్మకేమో 14 ఏండ్లకు లెక్కగట్టి చీరలు, నగలు దశరథుడే దగ్గరుండి తెప్పించిండు. వాల్మీకి రాసిండు, నేను గాదు.”

ఆ ఘట్టం అయోధ్యకాండలో నిజంగానే ఉంది. పురాణాల్లో ఇలాంటి వివరాలు అక్కడక్కడా తగులుతుంటాయి. వాటిని పట్టించుకుంటే ఏ సలహా నిలబడదు.

అత్త గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏం చేయకూడదో తెలుసుకోవడానికి ఆవిడకన్నా మంచి ఉదాహరణ లేదు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు వాళ్లది. గోదావరి నిండితే శబరి వెనక్కి తంతుంది, శబరి నిండితే గోదావరి దారివ్వదు, రెండూ నిండితే ఊరు మధ్యలో ఉంటుంది. ఇన్నేళ్లుగా అక్కడుండి కూడా ఆవిడ ఒక్క ఆధునిక పద్ధతి నేర్చుకోలేదు. భద్రాచలంలో 40 అంటున్నారని వినగానే లేస్తుంది. మొదట మూటలో పెట్టేది బరకం. బట్టలు కాదు, డబ్బు కాదు, బరకం. దాని తర్వాత కొడవలి, పలుపుతాడు, ఉప్పు, మూత గట్టిగా ఉన్న సీసాలో అగ్గిపెట్టెలు. బరకం ఒక్కటే ఎంత బరువో ఎత్తి చూసినవాళ్లకు తెలుస్తుంది. గవర్నమెంటు వాళ్లు ఎట్లాగూ ఇస్తారు కదత్తా అంటే, ఇచ్చేదాకా నెత్తి మీద ఏం కప్పుకోవాలని అడుగుతుంది. ఇంత చిన్న విషయానికి కూడా ఎదురు ప్రశ్నే.

కాగితాల దగ్గర జనం చేసే పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల టీసీలు, కుల ధ్రువీకరణ పత్రం, పోడు భూమికి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. అన్నీ కలిపితే అరకిలో ఉండవు. ఇంత తేలికైన వాటికి హడావిడి ఎందుకు? ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆఖర్న చూసుకోండి. అందాకా ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి చీరల కింద ఉంచి తాళం వేయండి. పెట్టె బరువు కనుక పెట్టెను ఇంట్లోనే వదిలేస్తాం, తాళం ఉంది కనుక కాగితాలకు భయం లేదు. మరీ అనుమానముంటే గుర్తుంచుకోండి, ఇప్పుడంతా కంప్యూటర్లలోనే ఉంది. తెలంగాణలో భూముల లెక్కలు ధరణిలో ఎక్కించారు, తర్వాత ధరణిని తీసేసి భూభారతి తెచ్చారు. కంప్యూటర్లో ఎక్కింది ఎక్కడికి పోతుంది చెప్పండి.

అత్త పద్ధతి ఇది: కాగితాలు ప్లాస్టిక్ కవర్లో, కవరు స్టీలు క్యారేజీ గిన్నెలో, గిన్నె బియ్యం సంచిలో. ఎందుకత్తా ఇన్ని తొడుగులు అంటే, “బియ్యం సంచి ఎవురన్న మర్చిపోతరా?” అంది. వండిన ప్రతిసారీ ఆ గిన్నె బయటికి తీయాలి, మళ్లీ లోపల పూడ్చాలి. ఎంత వృథా శ్రమ.

ఇక వంటిల్లు. గ్యాసు బండ ఎత్తుకు రావద్దని నా గట్టి సలహా. నిండు బండ ముప్పై కిలోల దాకా ఉంటుంది, అందులో గ్యాసు 14.2 కిలోలే, మిగతాదంతా ఇనుము. అంత ఇనుమును నీళ్లేం కదిలిస్తాయి? వంటింటి మూల నిలబెట్టి తలుపు దగ్గరగా వేసి రండి. బండ లోపలి చోటు 33 లీటర్లకు పైనే, అంటే అది పక్కకు తోసే నీళ్ల బరువు దాని బరువుకన్నా ఎక్కువ, కనుక నిండుదైనా తేలుతుందని సైన్సు మాస్టారొకాయన నాతో వాదానికి దిగాడు. తేలితే మంచిదేగా, మునగలేదన్నమాట. పొరుగూరి చేలో ఎవరికో దొరుకుతుంది. పుస్తకం మీ పేర ఉంటే మీదే. పుస్తకం ఎక్కడుందంటే, పైన చెప్పాను, ట్రంకు పెట్టె అడుగున.

రోలు గురించి నాకు అభ్యంతరం లేదు. అది ఎట్లాగూ ఎవరూ మోయరు, గోదావరి కూడా మోయదు. వరద తీశాక ఇంటికొచ్చినవాళ్లకు ఒండ్రు కింద ఉన్నచోటనే దొరికేది అదొక్కటే.

వేసవంతా ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు, పుట్లలో పోసుకున్న ధాన్యం, మిరప తోటకు దాచుకున్న విత్తనం. వీటన్నిటినీ మోసుకురావడానికి ఇంట్లో మనుషులు రెండు మూడు తిరుగుళ్లు తిరగడం నేను కళ్లారా చూశాను. విత్తనాలు కొట్లో దొరుకుతాయి. ఇప్పపువ్వు మార్చి ఏప్రిల్ నెలల్లో మళ్లీ రాలుతుంది. చింతచెట్టు మళ్లీ కాస్తుంది. ఎనిమిది నెలలు ఓపిక పట్టలేని మనిషి దూర ప్రయాణాలకు పనికిరాడు. పునరావాస కేంద్రంలో ఇప్పపువ్వు మూట విప్పితే పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు కూడా. అత్తను అడిగితే, పక్కవాళ్ల మూటలో ఉన్నది కూడా అదేనంది.

పశువుల సంగతి జాగ్రత్తగా వినండి. కొట్టంలో గట్టిగా, రెండు ముళ్లు వేసి కట్టేయండి. విప్పి వదిలితే ఎటు పోతాయో తెలియదు, వచ్చాక వెతుక్కుంటూ అడవులు పట్టాలి. కట్టేసినవి కట్టేసిన చోటే ఉంటాయి. ఇంత సులువైన సంగతి అత్తకు ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు. ఇంట్లోంచి మొదటి మూట బయటికి రాకముందే కొడవలి తీసుకుని కొట్టానికి పోతుంది. ముడి కూడా విప్పదు, పలుపులు కోసేస్తుంది. మంచి నైలాను పలుపులు, సంతలో డబ్బులు పెట్టి కొన్నవి. అదేమంటే, నీళ్లు మోకాలు దాటినంక ముడి విప్పేటోడు ఎవడురా, గుట్ట తొవ్వ గొడ్లకు ఎరుకే అంటుంది. అవి గుట్టెక్కుతాయి, ఆవిడ వాటి వెనక ఎక్కుతుంది, మేకలు, కోళ్లగంప వెంట. గుట్ట మీద పాములూ తేళ్లూ కూడా అప్పటికే చేరి ఉంటాయి. తేలిక ప్రయాణం అంటే వాటిది, ఒక్క సంచి ఉండదు.

2022లో కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో ఇట్లా గుట్టలెక్కి బరకాల కింద రోజుల తరబడి ఉన్నవాళ్లు చాలామంది. బడిలో గది ఉండగా, ఉప్మా వండి పెడుతుండగా, గుట్టెందుకు? మేకల్ని బడిలోకి రానివ్వరంట. కోళ్లను రానివ్వరంట. ముసలమ్మకు బెంచీ మీద నిద్ర పట్టదంట. ఇట్లా ఒక్కొక్కరిదీ ఒక్కో వంక. గుట్ట మీద నుంచి చూస్తే ఇల్లు కనపడుతుందని అత్త అసలు కారణం ఒకసారి బయటపెట్టింది. నీళ్లలో ఉన్న ఇంటిని చూస్తూ కూర్చుంటే నీళ్లు తొందరగా తీస్తాయా?

మా మేడ మీద గది ఖాళీగా ఉన్న మాట నిజమే. సుభాష్ నగర్ నుంచి, అయ్యప్ప కాలనీ నుంచి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అడుగుతూనే ఉంటారు. కాదనను. మనిషికి ఒక సంచి, ఆ సంచి విమానంలో సీటు పైన పెట్టుకునేంత ఉండాలి. సోఫా వద్దు, టీవీ వద్దు, మంచం కోళ్లు విప్పి తెచ్చినా వద్దు. బియ్యం సంచి పెడితే ఎలుకలొస్తాయి. బొంతలు తడిసి ఉంటే మెట్ల మీద నీళ్లు కారతాయి, మొజాయిక్ నేల పాడవుతుంది. ఇంత సౌకర్యం ఇచ్చినా మొన్నటి వరదకు ఒకాయన ఫ్రిజ్జు మోసుకుంటూ వచ్చి మెట్ల కింద దించాడు. అప్పులో ఇంకా సగం కట్టాలట. అప్పు కట్టనిది బరువెక్కువని నాకు ఆ రోజే తెలిసింది, ముగ్గురు పట్టినా మలుపు తిరగలేదు.

సాయం సంగతికొస్తే, మునిగేముందు ఏ రాష్ట్రంలో మునుగుతున్నారో ఒకసారి చూసుకోవడం మంచిది. 2022లో ఇటు తెలంగాణలో కుటుంబానికి 10,000 రూపాయలు, రెండు నెలలపాటు 20 కిలోల చొప్పున బియ్యం అన్నారు. అటు ఆంధ్రలో 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు పామాయిలు, కిలో ఉల్లిగడ్డ, కిలో ఆలుగడ్డ. ఒకే నది, ఒకే వారం, ఒకే బురద. భద్రాచలం నుంచి నడుచుకుంటూ ఎటపాక పోతే రాష్ట్రం మారిపోతుంది. ఇటువాళ్లకు డబ్బు, అటువాళ్లకు కూరగాయలు. తూచి చూస్తే డబ్బు కట్ట తేలిక కనుక, తేలిక ప్రయాణం కోరేవారు ఇటువైపు మునగడం ఉత్తమం. ఎత్తైన చోట శాశ్వత కాలనీలు కట్టిస్తామని, అందుకు 1,000 కోట్లని కూడా ఆ జూలైలోనే కేసీఆర్ ప్రకటించారు. ప్రకటనకు బరువేముంటుంది, జేబులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు.

తిరిగొచ్చాక ఇంట్లో మోకాలు లోతు ఒండ్రు ఉంటుంది. దాన్ని ఆరనివ్వండి. ఆరితే గట్టిపడుతుంది, గట్టిపడితే పెళ్లలుగా లేస్తుందని నా ఊహ. అత్త వాళ్లు నీళ్లు గడప దిగుతుండగానే లోపలికి పోతారు. ఆ పోయే నీళ్లతోనే చీపుర్లు, చాటలు పెట్టి బురదను బయటికి తోస్తారు. నీళ్లు పోయినంక కడగడానికి నీళ్లెక్కడివి అంటారు. నది తెచ్చిన బురదను నదితోనే పంపించడం నాకు మర్యాదగా తోచదు.

ఇదంతా చిన్న ప్రయాణాల మాట. ఇంతకన్నా పెద్ద ప్రయాణం ఇంకొకటుంది. దానికి తిరుగు టికెట్టు లేదు. గోదావరిని అడుగుల్లో కొలుస్తారు, పోలవరాన్ని మీటర్లలో. 41.15 మీటర్ల కాంటూరులో ఉన్న ఊళ్లు ముందు లేవాలి, 45.72 కాంటూరులో ఉన్నవి తర్వాత లేవాలి. మీ ఊరు రెండో జాబితాలో ఉండి, వరద మాత్రం మొదటి జాబితా వాళ్లతో పాటు మీ ఇంట్లోకీ వచ్చిందనుకోండి, కంగారు పడి బయల్దేరకండి. వరదకు కాంటూరు తెలియదు, మనకు తెలుసు. నెత్తి దాకా నీళ్లొచ్చినా కాగితం మీద మీరు పొడిగానే ఉన్నారు. కూనవరం, వి.ఆర్.పురం వాళ్లు మళ్లీ సర్వే చేయండి, మమ్మల్ని మొదటి జాబితాలో కలపండి అని ధర్నాలు చేశారు. పోనివ్వమని గొడవ చేసేవాళ్లను నేను ఇక్కడే చూశాను. అంత తొందరగా ఉన్నవాళ్లు సామాన్లు తగ్గించుకుంటారని ఆశపడ్డాను కూడా.

ఎక్కడ తగ్గించారు! వేలేరుపాడు, కుక్కునూరు మండలాల నుంచి తాడువాయి పునరావాస కాలనీకి పోయినవాళ్లను అడగండి. గవర్నమెంటు కట్టిచ్చిన ఇంటికి గవర్నమెంటు తలుపు ఉంటుంది. అయినా పాత ఇంటి ద్వారబంధాలు ఊడదీసి, టేకు వాసాలు దించి, పెంకులు లెక్కపెట్టి ట్రాక్టర్లకెత్తారు. ప్యాకేజీ గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు, మిగతా కుటుంబానికి 6.36 లక్షలు. అంత డబ్బు చేతికొచ్చేవాళ్లకు పాత పెంకులెందుకు? ఈ సంగతి అత్తతో అంటే, డబ్బు ఎప్పుడొస్తదో తెల్వదు, పెంకు ఇయ్యాల్నే చేతిల ఉంది అంటుంది. ఆవిడ ఇప్పటికే వెనక గోడకానుకుని పాత కిటికీలు రెండు సిద్ధంగా పెట్టుకుంది. ఊరు ఇంకా లేవలేదు, జాబితాలో ఎప్పుడొస్తుందో తెలియదు, కిటికీలు మాత్రం ప్రయాణానికి తయారు.

ఇలాంటి దూరప్రయాణంలో వదిలేయాల్సినవి ముందే రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. తాటిచెట్లు వదిలేయండి, కాలనీలో కల్లు దొరక్కపోయినా సీసాలు దొరుకుతాయి. వాగు వదిలేయండి, ఇంటింటికీ కుళాయి ఉంటుంది. అడవి వదిలేయండి, కాలనీ నుంచి చూస్తే జామాయిల్ తోటలు కనపడతాయి, పచ్చగానే ఉంటాయి. పెద్దల సమాధులు వదిలేయండి, వాళ్లు ఎట్లాగూ లేవరు. ముత్యాలమ్మ తల్లిని మాత్రం ఏం చేయాలన్నది అత్త నన్నే అడిగింది. రాయిని ఎత్తుకుపోతే తల్లి వస్తుందా, చెట్టు కింద నుంచి రానంటుందా అని. అంత బరువు రాయి ఎందుకు, కొత్తచోట కొత్త రాయి నిలబెట్టుకోండి, చుట్టూ రాళ్లకు కొదవా అన్నాను. అత్త నా వైపు చూసి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నా జవాబు నచ్చిందనే అనుకుంటున్నాను.

చివరగా చిరునామా. దీని మీద నా సలహా సూటిగా ఉంటుంది: సామాను మీద ఊరి పేరు, జిల్లా పేరు రాయకండి. అత్తకు వాళ్లమ్మ నుంచి వచ్చిన ట్రంకు పెట్టె ఒకటుంది, ఆకుపచ్చది. మూత మీద తెల్ల రంగుతో ‘కూనవరం, భద్రాచలం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా’ అని రాసి ఉండేది. 1959లో భద్రాచలం తాలూకాను ఖమ్మం జిల్లాలో కలిపారు. అత్త వాళ్ల నాన్న తూర్పు గోదావరి కొట్టేసి ఖమ్మం అని రాయించాడు. 2014లో రాష్ట్రం విడిపోతూ పోలవరం కోసమని భద్రాచలం పట్టణాన్ని ఇక్కడే ఉంచి కూనవరాన్ని అటు ఇచ్చేశారు. ఖమ్మం కొట్టేసి మళ్లీ తూర్పు గోదావరి. 2016లో ఇటు మా ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. అది పెట్టె మీద రాయాల్సిన పని లేదు కానీ ఉత్తరాలు రాసేటప్పుడు నేను తడబడ్డాను. 2022 ఏప్రిల్‌లో కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ పేరు పొడుగు, మూత మీద పట్టలేదు, పక్కకు తిప్పి రాయించింది. అదే ఏడాది జూలైలో పెట్టె ఆరు రోజులు నీళ్లలో ఉంది. రంగు మాత్రం చెక్కుచెదరలేదు, అన్ని జిల్లాలూ కనపడుతున్నాయి.

మా ఊరి పరిస్థితి కూడా ఏమంత గొప్పగా లేదు లెండి. పట్టణం తెలంగాణలో, చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రలో. రాముడి భూములు కూడా పురుషోత్తపట్నంలోనే ఉండిపోయాయి. చెత్త పోయడానికి కూడా పట్టణానికి సొంత జాగా కరువైంది. ఆస్తి ఒక రాష్ట్రంలో, గుడి ఒక రాష్ట్రంలో పెట్టుకుని ఇంత తేలిగ్గా ఉన్న దేవుడు ఇంకెక్కడా ఉండడు. ఆ అయిదు పంచాయతీలూ వెనక్కి ఇవ్వాలని ఇటువాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఎవరో ఒకరి పెట్టె మీద మళ్లీ రాయక తప్పదు.

మొన్న అత్త ఫోన్ చేసి, పెట్టె మూత నిండిపోయింది, లోపలివైపు ఖాళీ ఉంది, వచ్చేటప్పుడు తెల్ల రంగు డబ్బా తెమ్మంది. అరలీటరు చాలత్తా, మోయడానికి తేలిక అన్నాను. లీటరు తెమ్మంది.